ఆషాఢంలో అడిగితేనే బతుకమ్మ నాటికి మోరీ మూత

(బతుకమ్మ పండుగ మొదలయ్యే ఎంగిలిపూల రోజుకు ముందురోజు, 2025 సెప్టెంబర్ 20 శనివారం సాయంత్రం, మహబూబ్‌నగర్‌లోని ఒక కాలనీ సమావేశంలో మహిళా సమాఖ్య బాధ్యురాలు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది. మోరీ అంటే మురుగు కాలువ.)

వినబడుతోందా? వెనక నిలబడ్డ వాళ్లకు కూడా వినబడుతోందా? సౌండ్ కాస్త తగ్గించు తమ్ముడూ, మా ఇంట్లో అడిగితే నాకు అసలు మైకే అక్కర్లేదంటారు. [నవ్వులు] అందరికీ నమస్కారం. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. రేపటి నుంచి బడులకు సెలవులు, అక్టోబర్ 3 దాకా మన ప్రాణం తీసేది వాళ్లే, ఈ ఒక్క గంట వాళ్లు మన మాట వింటే పోయేదేం లేదు.

నాకు ప్రసంగాలు రావు. పొదుపు సంఘంలో కిస్తీ ఎందుకు కట్టలేదని అడగడం వచ్చు, అదే గొంతుతో మాట్లాడతాను, ఏమనుకోకండి.

ముందు పోయిన ఏడు సద్దుల నాటి, అంటే బతుకమ్మ చివరి రోజు సంగతి చెప్పాలి. ఇక్కడున్న వాళ్లలో సగం మందికి తెలుసు, కొత్తగా కిరాయికి వచ్చిన వాళ్లకు తెలియదు. చెరువు కాడ బతుకమ్మను సాగనంపి, సద్దులు పంచుకుని, రాత్రి తొమ్మిది దాటాక ఖాళీ తాంబాళాలు పట్టుకుని వస్తున్నాం. సందు మలుపు కాడికి వచ్చేసరికి స్తంభం లైటు టప్పుమని ఆరిపోయింది. మా అత్తమ్మ మోరీ మీది బండ మీద కాలు పెట్టింది, బండ తిరగబడింది, ఆమె కాలు మోకాలి దాకా మోరీలోకి పోయింది. డెబ్బై రెండేళ్ల మనిషి. తాంబాళం అంత దూరం దొర్లుకుంటూ పోయిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బొక్క విరగలేదు, అది అదృష్టం, కానీ వాపు సంక్రాంతి దాకా దిగలేదు.

ఆ బండ ఎప్పుడు వేసిందనుకున్నారు? సద్దులకు నాలుగు రోజుల ముందు. పండుగొచ్చిందని ట్రాక్టర్లో మొరం తెచ్చి గుంతల్లో పోశారు, స్తంభాలకు సున్నం కొట్టారు, నాలుగు హాలోజన్ లైట్లు కట్టారు, మోరీ మీద బండ పెట్టారు. అందరం సంతోషపడ్డాం, నేను కూడా ఆ పని చేయించిన ఆయనకు టీ ఇచ్చాను. ఆయన పేరు చెప్పను, చెప్పి లాభం లేదు. బండ మోరీ వెడల్పు కంటే చిన్నది, ఒక అంచు గట్టు మీద, ఇంకో అంచు కంకర ముక్క మీద. దసరా తెల్లారి హాలోజన్ లైట్లు విప్పుకుపోయారు. దీపావళి ముసురుకు మొరం మోరీలోకి పోయింది. మిగిలింది సున్నం.

మీలో చాలామంది బేల్దారి పనికి పోయినవాళ్లే ఉన్నారు, మీకు నేను చెప్పేదేముంది. కాంక్రీటు పూర్తి బలానికి రావాలంటే 28 రోజులు పడుతుంది. మన పండుగ తొమ్మిది రోజులు. పండుగ వారంలో పోసిన సిమెంటు పండుగలోపు గట్టిపడదు, ఇది ఎవరి తప్పూ కాదు, సిమెంటు గుణం అది. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు కూలీ చెయ్యి పడిందని అంటారు, పాలమూరు లేబర్ అని మనకు పేరే పడింది, అంతంత కట్టడాలు కట్టి వచ్చిన వాళ్ల ఇళ్ల ముందు మోరీకి సరైన మూత లేదు. నాకు అప్పుడు కోపం కాదు, సిగ్గనిపించింది.

అందుకే ఈ ఏడు పని ఆషాఢంలో మొదలుపెట్టాం. చేతులకు గోరింటాకు పెట్టుకునే నెలలో మేం ఏడుగురం ఆడవాళ్లం నోట్‌బుక్కు, కొలత టేపు పట్టుకుని బయలుదేరాం. అదీ ఎండలో కాదు, వాన పడుతుంటే. ఎండలో తిరిగితే ప్రతి రోడ్డూ బాగానే కనబడుతుంది. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి, ఎటు పోవాల్సినవి ఎటు పోతున్నాయి, ఎవరి గడప ఎక్కుతున్నాయి, అదంతా వానలో తిరిగితేనే తెలుస్తుంది. మగవాళ్లు కిటికీల్లోంచి చూసి నవ్వారు. ఒకాయన గొడుగు ఇచ్చాడు, ఆయనకు దండం. [చప్పట్లు]

మొత్తం 14 పనులు రాసుకున్నాం. ఎట్ల రాశామో వినండి, ఎందుకంటే తేడా అక్కడే వచ్చింది. ఇంతకుముందు మనం "మా కాలనీలో మౌలిక సదుపాయాలు లేక తీవ్ర ఇబ్బందులు పడుతున్నాం" అని రాసి ముప్పై సంతకాలు పెట్టి ఇచ్చేవాళ్లం. ఆ కాగితం తీసుకున్న మనిషి ఎటు పోవాలి, ఏం చూడాలి? ఈసారి ప్రతి పనికి పక్కనున్న కరెంటు స్తంభం నంబర్ రాశాం. ఫలానా నంబర్ స్తంభం నుంచి పది అడుగులు, మోరీ వెడల్పు రెండడుగులు, మూత లేదు, పిల్లలు బడికి పోయే దారి. అంతే. ఒక్కో పనికి ఒక్కో కాగితం, ఒక్కో ఫొటో. రెండు కాపీలు మున్సిపల్ ఆఫీసుకు తీసుకుపోయి ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చుకున్నాం. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోయి అక్కడ కూడా ఇచ్చాం, నంబర్ తెచ్చుకున్నాం. ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో లెక్క మా ఉపాధ్యక్షురాలి దగ్గర ఉంది, ఆటో కిరాయిలతో సహా.

అక్కడ ఒక ఇంజనీరు, పాపం ఓపిక ఉన్న మనిషి, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. అమ్మా, మీరు అడగ్గానే పని కాదు, ముందు అంచనా వేయాలి, దానికి మంజూరు రావాలి, టెండరు పిలవాలి, అగ్రిమెంటు కావాలి, అప్పుడు పని, పని అయ్యాక కొలతలు రాస్తేనే బిల్లు, ఇదంతా నెలల పని, మీరేమో ప్రతి ఏడూ పండుగ వారం ముందర వచ్చి లొల్లి చేస్తారు, ఆ వారంలో మా చేతిలో ఉండేది మొరం, సున్నమే అని. నాకు చెంప మీద కొట్టినట్టే అయింది కానీ ఆయన చెప్పింది నిజం. మనం అడిగే టైముకు వాళ్లు ఇవ్వగలిగింది సున్నమే.

సరే, ఏమైంది ఈ 14 పనుల్లో? ఆరు అయ్యాయి. మూడు సగం. ఐదు కాలేదు. అయినవాటిలో మొదటిది ఆ మలుపు కాడి మూతబండ. కొత్తది, ఇనుప చువ్వ వేసి పోసింది, శ్రావణంలో పోశారు, ఇరవై రోజులు దాని మీద గోనెసంచులు పరిచి మేమే పూటపూటకు నీళ్లు కొట్టాం. నల్లా పైపు లీకేజీ రెండు చోట్ల మూశారు. అది చిన్న విషయం అనుకోకండి. రామన్‌పాడు రిజర్వాయర్ నుంచి వచ్చే నీళ్ల కోసం పది పన్నెండు రోజులు ఎదురుచూసి, అర్ధరాత్రి నల్లా వస్తే చీకట్లో బిందెలు వరస పెట్టిన కాలం చూసినదాన్ని, రోడ్డు మీద మంచినీళ్లు పారుతుంటే నాకు నిద్ర పట్టదు. సగం అయినవి వీధిలైట్లు. బల్బులు మార్చారు, ఆ మలుపు స్తంభానికి వైరు మార్చలేదు.

కానివాటిలో పెద్దది మోరీ పూడిక. దాని గురించే ఎక్కువసేపు మాట్లాడతాను. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

మన సందుల్లోకి నీళ్లు ఎందుకు వస్తున్నాయి? పెద్ద చెరువు నిండితే కింది కాలనీల్లోకి నీళ్లు వస్తాయని ఊరంతటికీ తెలుసు. చెరువుకు నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగు ఉంటుంది, అలుగు దుంకిన నీళ్లు పోయే వాగు ఉంటుంది, ఆ వాగు దారిలోనే మనం ఇళ్లు కట్టుకున్నాం. పట్టాలు ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, ఆ పంచాయితీ ఇవాళ వద్దు. పది హెక్టార్లు దాటిన చెరువైతే చుట్టూ 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలని బిల్డింగ్ రూల్స్‌లో ఉంది, ఎంతమంది వదిలారో మీకే తెలుసు. చెరువు కట్టను మినీ ట్యాంక్‌బండ్ చేశారు, సాయంత్రం పోతే చల్లగా ఉంటుంది, పిల్లలు ఆడుకుంటారు, బాగుంది, నేను కూడా పోతాను. కానీ కట్ట మీద లైటు ఎంత అందంగా వెలిగినా కింద నీళ్లు పోయే దారి లేకపోతే ఆ అందాన్ని మన గడపలోంచే చూడాలి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి.

అది మన చేతిలో లేదు, ఒప్పుకుంటాను. ఇంకోటి ఉంది, అది మన చేతిలోనే ఉంది. ర్యాంపులు. [ఒకరు: అక్కా, ఇప్పుడు అది ఎందుకు...] ఎందుకంటే ఇప్పుడే చెప్పాలి. బండి ఎక్కించుకోవడానికి ప్రతి ఇంటి ముందూ మోరీ మీద సిమెంటు ర్యాంపు పోసుకున్నాం. మోరీ మూసుకుపోయింది. సఫాయి కార్మికులు వస్తే పార ఎక్కడ పెట్టాలి? ఒక ఇంటి ముందు తీస్తారు, పక్కింటి ర్యాంపు కింద పూడిక అట్లనే ఉంటుంది, తీసినదాంట్లోకి సాయంత్రానికి మళ్లీ వస్తుంది. మేం తిరిగిన సందులో ఎడమ వైపు 22 ఇళ్లు, 19 ర్యాంపులు. అందులో ఒకటి మాది. మా ఆయన నాలుగేళ్ల కింద పోయించాడు, ఎనిమిది వేలు పెట్టి. ఆ పూడిక పని ఎందుకు కాలేదని ఆఫీసులో అడిగితే, మీ ర్యాంపులు తీస్తే మేం పూడిక తీస్తాం అన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి మాది పగలగొట్టించాను. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. తర్వాత ఒక వెల్డింగ్ షాపాయన ఇనుప జాలీ చేసిచ్చాడు, కావాల్సినప్పుడు ఎత్తి పక్కన పెట్టొచ్చు, బండి దాని మీదుగా ఎక్కుతుంది. మా తర్వాత ఇంకో ఆరుగురు తీశారు, వాళ్లకు చప్పట్లు కొట్టండి. [చప్పట్లు] మిగతా పన్నెండు ఇళ్ల వాళ్ల వైపు నేను చూడటం లేదు. [నవ్వులు]

పూడికలో ఏం వస్తోందో కూడా నిలబడి చూశాను. ఇసుక కొంచెం, కవర్లు బోలెడు. 120 మైక్రాన్ల కంటే పలచని కవర్లు అమ్మొద్దని 2022 డిసెంబర్ చివరి నుంచి రూల్ ఉంది, కూరగాయల బండి దగ్గరికి పోతే అదే కవరు, మనమూ చెయ్యి చాపుతాం. పొద్దున చెత్త ఆటో పాట పెట్టుకుని వస్తుంది, ఆ అయిదు నిమిషాల్లో మనం బయటికి రాం, ఆటో పోయాక కవర్లో ముడేసి మోరీ పక్కన పెడతాం, కుక్క దాన్ని మోరీలోకి లాగుతుంది. తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఇవ్వండి అని నేను ఇప్పుడు చెప్పను, ముందు ఆటోలో వేయండి, అది చాలు.

పిల్లలమర్రి సంగతి గుర్తొచ్చింది. ఏడు వందల ఏళ్ల మర్రి అని చెప్పుకుంటాం, చుట్టాలు వస్తే అక్కడికే తీసుకుపోతాం. 2017 చివర్లో దానిది పెద్ద కొమ్మ విరిగి పడేదాకా లోపల చెదలు ఎంత తిన్నాయో బయటివాళ్లకు తెలియదు. తర్వాత ఆ కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టుబొట్టుగా చెదలమందు ఎక్కించారు, వేరే రాష్ట్రాల పేపర్లలో కూడా ఫొటోలు వచ్చాయి. ఆ పనికి ప్రారంభోత్సవం లేదు, రిబ్బన్ లేదు. బొట్టుబొట్టుగా ఎక్కింది. చెట్టు బతికింది.

ఇక ఆఫీసు సంగతులు రెండు చెప్పి పండుగలోకి వస్తాను. జనవరిలో మన ఊరు మున్సిపాలిటీ నుంచి కార్పొరేషన్ అయింది. పాత కౌన్సిల్ గడువు కూడా జనవరిలోనే అయిపోయింది. అంటే ఇప్పుడు కౌన్సిలర్ లేరు, కార్పొరేటర్ ఇంకా రాలేదు, ప్రత్యేకాధికారి పాలన. కౌన్సిలర్ లేడు కాబట్టి ఎవరిని అడగాలి అని చేతులు కట్టుకుని కూర్చోకండి, కాగితం తీసుకునే కిటికీ తెరిచే ఉంది. 2019 మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలని రాశారు, యువకులది, ఆడవాళ్లది, పెద్దలది, ఊళ్లో పేరున్నవాళ్లది, ఒక్కోదాంట్లో 15 మంది. మన దగ్గర అవి కాగితం మీద పేర్లే. రేపు ఎన్నికలొచ్చి ఓటడగడానికి ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఆ కమిటీ ఏ రోజు కూర్చుంటుంది అని. అదే చట్టంలో బడ్జెట్‌లో పదో వంతు మొక్కలకు పెట్టాలని కూడా ఉంది. ఇంటి పన్ను కూడా చూసుకోండి, ఏడాది పన్ను ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కడితే అయిదు శాతం తగ్గుతుంది, ఆలస్యం చేస్తే నెలకు రెండు శాతం మిత్తి పడుతుంది. మన సంఘంలో మిత్తికి భయపడతాం, అక్కడెందుకో భయపడం.

పండుగ. రేపు ఆదివారం ఎంగిలిపూలు. సద్దుల తేదీ మీద ఇప్పటికే మూడు వాట్సాప్ గ్రూపుల్లో కొట్లాట అవుతోంది. ఈసారి నవరాత్రుల్లో ఒక తిథి రెండు రోజులు వచ్చింది, అందుకే ఆ తికమక. మన కాలనీ వరకు 30వ తేదీ మంగళవారం, గుడి అయ్యగారిని అడిగే చెబుతున్నాను, ఇక దాని మీద మెసేజ్‌లు పెట్టకండి.

తంగేడు ఊరి బయట దొరుకుతోంది, గునుగు కోసం ఇంకా దూరం పోవాలి, ప్లాట్లు పడ్డ చోట గునుగెక్కడిది. గునుగుకు రంగు అద్దేవాళ్లు ఆ రంగు నీళ్లు మోరీలో పోయకండి, అది పోయేది చెరువులోకే. నన్నడిగితే తెల్ల గునుగే అందం, మీ ఇష్టం. థర్మాకోల్ మీద పేర్చే బతుకమ్మ మాత్రం వద్దు. ఎత్తు కనబడాలని పోయిన ఏడు కొందరు పేర్చారు, తెల్లారి చెరువులో పూలు మునిగాయి, థర్మాకోల్ తేలుతూ ఉంది, బాతుల్లాగ. సిబ్బి మీద పేర్చండి, తాంబాళంలో పేర్చండి, కింద గుమ్మడాకు వేయండి. అగరుబత్తి కవరు, సత్తుపిండి తెచ్చిన కవరు, నీళ్ల సీసా, ఇవి వేయడానికి మెట్ల దగ్గర రెండు గోనెసంచులు కడుతున్నాం. డీజే గురించి చాలామంది అడిగారు. సద్దుల ముందు రోజులన్నీ చప్పట్లు, మన గొంతులు. సద్దుల నాడు ఒక్కరోజు పిల్లల ముచ్చట, పది గంటల దాకా. ఆ తర్వాత వైరు నేనే పీకుతాను.

దసరా ఈసారి అక్టోబర్ 2, గాంధీ జయంతి, పైగా గురువారం. మటన్ షాపులుండవు, వైన్సులుండవు. [అరుపులు, నవ్వులు] నన్ను తిట్టకండి, క్యాలెండర్ నేను వేయలేదు. ముందురోజు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకునే ఆలోచనలు ఎవరివో నాకు తెలుసు. జమ్మి గురించి ఒక్క మాట. మూడేళ్ల కింద గుడి దగ్గర నాటిన జమ్మి మొక్క ఇప్పుడిప్పుడే మనిషెత్తు వచ్చింది. బంగారం కోసం ఆకు తెంపుకోండి, కొమ్మ విరచకండి. పోయిన ఏడు పండుగ అయ్యాక అది బోడిగా నిలబడి ఉంటే దాని దిక్కు చూడలేకపోయాను.

బొంబాయి, పూణె నుంచి వచ్చేవాళ్లు ఈ వారం దిగుతారు. వాళ్ల ఇళ్లు ఏడాదిగా తాళం వేసి ఉన్నాయి, నల్లా తిప్పేముందు ట్యాంకు కడుక్కోమని చెప్పండి, లోపల దోమల పిల్లలుంటాయి. మనలో తల్లిగారింటికి పోయేవాళ్లు ఇంటికి తాళం వేస్తే పక్కింటివాళ్లకు, స్టేషన్‌లో కూడా చెప్పి పోండి, బంగారం ఇంట్లో పెట్టి పోకండి, స్టేటస్‌లో ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోండి. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు సరే, ఆధార్ కార్డు చేతిలో ఉండాలి, ఫోన్లో ఫొటో చూపిస్తే కండక్టర్‌తో లొల్లే. సీటు కోసం కిటికీలోంచి కర్చీఫ్ వేయడం మన జిల్లా కళ, దాని గురించి నేనేమీ చెప్పను.

మిగిలిన ఎనిమిది పనుల కాగితాలు ఇక్కడే ఫైలులో ఉన్నాయి. దసరా అయ్యాక మొదటి సోమవారం, అంటే అక్టోబర్ 6న ప్రజావాణికి పోతున్నాం, పొద్దున పదింటికి ఈ చెట్టు కిందే కలుద్దాం. కురుమూర్తి జాతరకు పోయేవాళ్లు, దీపావళి సామాన్లకు పోయేవాళ్లు ఆ వంక చెప్పకండి, వాటికింకా టైముంది. ఈసారి మగవాళ్లు కూడా ఇద్దరు రావాలి, టేపు రెండో కొస పట్టుకోవడానికి.

చివరికి మా అత్తమ్మ సంగతి. ఈసారి ఆమె చెరువు కాడికి రాదనుకున్నాను, వస్తానంది. కొత్త బండ బాగా పోశారు అత్తమ్మా, నేనే నీళ్లు కొట్టాను అంటే, ముందు నా కొడుకును దాని మీద నడవమను అంది. [నవ్వులు] నడిచాడు, బండి కూడా ఎక్కించాడు, ఏం కాలేదు. అయినా సద్దుల నాడు అందరూ ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని రండి, ఆ మలుపు స్తంభం లైటు మీద నాకింకా నమ్మకం కుదరలేదు. తీసుకో తమ్ముడూ, మైకు.